కిలోన్నర అయస్కాంతం ముందు ఆగిన కార్లు

2025 ఏప్రిల్ 4న చైనా వాణిజ్య మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. సమేరియం, గాడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటేషియం, స్కాండియం, ఇట్రియం అనే ఏడు మూలకాలను, వాటితో తయారయ్యే అయస్కాంతాలను ఇకపై లైసెన్సు లేకుండా ఎగుమతి చేయకూడదన్నది దాని సారాంశం. ఆవర్తన పట్టికను కంఠస్థం చేసిన విద్యార్థులకు తప్ప ఈ పేర్లు పెద్దగా తెలియవు. కానీ రెండు నెలలు తిరగకముందే అమెరికాలో ఫోర్డ్ సంస్థ చికాగో కర్మాగారంలో ఎక్స్‌ప్లోరర్ తయారీని వారం పాటు ఆపేసింది. జపాన్‌లో సుజుకీ తన స్విఫ్ట్ ఉత్పత్తిని నిలిపివేసింది. మన దేశంలోని కంపెనీలు అనుమతుల కోసం కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తూ, గోదాముల్లోని సరుకు ఎన్ని వారాలు వస్తుందో లెక్కవేసుకున్నాయి.

ఒక విద్యుత్ కారు మోటారులో ఉండే అయస్కాంతాల బరువు కిలో నుంచి రెండు కిలోలు. పదిహేను వందల కిలోల కారులో అది దాదాపు వెయ్యో వంతు. ధరలో చూసినా ఐదు శాతానికి లోపే. అయినా అది లేకపోతే మిగతా కారంతా సిద్ధంగా ఉన్నా కదలదు. పెట్రోలు కారుకూ ఈ బాధ తప్పదు. పవర్ స్టీరింగ్ మోటారు నుంచి స్పీకరు దాకా పదుల సంఖ్యలో చిన్న అయస్కాంతాలు అందులోనూ ఉంటాయి.

కార్ల పరిశ్రమ ఆర్థిక స్థితి గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా అమ్మకాలు, పన్నులు, వడ్డీ రేట్లు, కొత్త ఫ్యాక్టరీల శంకుస్థాపనలు చర్చకు వస్తాయి. అవన్నీ ముఖ్యమే. కానీ రాబోయే ఇరవై ఏళ్లలో ఏ దేశం కార్ల తయారీలో నిలబడుతుందన్నది ప్రధానంగా పదార్థ విజ్ఞానం నిర్ణయిస్తుంది. పొడిని అయస్కాంతంగా, ఖనిజాన్ని బ్యాటరీ సెల్‌గా మార్చగల నేర్పు ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న. భారతదేశపు విధానాలు ఈ ప్రశ్నను ఆలస్యంగా గుర్తించాయి. గుర్తించాక కూడా డబ్బును రెండు కొసల్లోనే పెడుతున్నాయి. మధ్యభాగం ఖాళీగానే ఉంది.

పెద్ద మార్కెట్, పలుచని లాభం

ముందుగా పరిశ్రమ పరిమాణం చూద్దాం. 2024-25 ఆర్థిక సంవత్సరంలో భారత్‌లో సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాలు అమ్ముడయ్యాయి. మరో 7.7 లక్షలు ఎగుమతి అయ్యాయి. అమ్మకాల్లో చైనా, అమెరికాల తర్వాతి స్థానం మనదే. వాహన పరిశ్రమ మొత్తం దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు 7 శాతం. విడిభాగాల పరిశ్రమ ఒక్కదాని వార్షిక టర్నోవరే 6.7 లక్షల కోట్ల రూపాయలు దాటింది.

ఇంత పెద్ద పరిశ్రమ ఆ ఏడాది పెరిగింది మాత్రం రెండు శాతమే. చిన్న కార్ల కొనుగోలుదారులు తగ్గారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీని 28 శాతం, దానిపై ఉన్న సెస్సు స్థానంలో 18 శాతానికి తగ్గించడంతో షోరూముల్లో మళ్లీ సందడి కనిపించింది. పన్ను తగ్గితే వాయిదా వేసుకున్నవాళ్లు కొంటారు. అయితే కారు దేనితో తయారవుతుంది, ఆ పదార్థం ఎక్కడి నుంచి వస్తుంది అన్న సంగతి దానివల్ల మారదు.

ప్రపంచంలో పాత దిగ్గజాల పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. 2030 నాటికి జర్మనీలో 35,000 ఉద్యోగాలను తగ్గించుకునేలా ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబర్‌లో కార్మిక సంఘాలతో ఒప్పందం కుదుర్చుకుంది. 2025 మే నెలలో నిస్సాన్ 20,000 ఉద్యోగాలకు కోత పెడతామని, 17 కర్మాగారాలను 10కి కుదిస్తామని ప్రకటించింది. మరోవైపు చైనాలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం విద్యుత్ కార్లు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లే. ఇంజిన్ల తయారీలో నూరేళ్ల అనుభవం ఉన్న కంపెనీలు, ఇంజినే లేని కార్ల తయారీదారుల చేతిలో వెనుకబడుతున్నాయి. కారులో విలువ ఉన్న చోటు మారిపోవడమే దీనికి కారణం.

ఇనుముకు నియోడైమియం ఏం చేస్తుంది?

ఆ విలువ ఎక్కడికి జరిగిందో తెలుసుకోవాలంటే అయస్కాంతం లోపలికి చూడాలి. విద్యుత్ కార్లలో ఎక్కువగా వాడేది నియోడైమియం, ఇనుము, బోరాన్‌ల సమ్మేళనం. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ దీన్ని వేర్వేరుగా కనుగొన్నారు. ఇందులో అయస్కాంత బలంలో ఎక్కువ భాగం ఇనుముదే. కానీ ఒంటరి ఇనుముకు ఒక బలహీనత ఉంది. ఎదురుగా మరో అయస్కాంత క్షేత్రం వస్తే సులువుగా దిశ మార్చేసుకుంటుంది. మోటారులో తీగచుట్టల నుంచి ఎదురు క్షేత్రం నిత్యం వస్తూనే ఉంటుంది.

ఆ దిశను పట్టి ఉంచడం నియోడైమియం పని. దాని పరమాణువులో 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మేఘం గుండ్రంగా ఉండదు. స్ఫటికంలో ఒక నిర్దిష్ట అక్షం వెంబడి మాత్రమే అది కుదురుగా ఇముడుతుంది. అలా కుదురుకున్న నియోడైమియం చుట్టూ ఉన్న ఇనుము పరమాణువులను కూడా అదే దిశలో నిలబెడుతుంది. బోరాన్ ఆ స్ఫటిక నిర్మాణాన్ని నిలకడగా ఉంచుతుంది.

చిక్కు వేడితో వస్తుంది. సుమారు 310 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ పదార్థం అయస్కాంతత్వాన్ని పూర్తిగా కోల్పోతుంది. అంతకు చాలా ముందే, మోటారు లోపల సహజంగా చేరే 150 డిగ్రీల దగ్గరే, దిశను పట్టి ఉంచే శక్తి బాగా సన్నగిల్లుతుంది. అందుకే నియోడైమియంలో కొంత భాగాన్ని తీసి డిస్ప్రోసియం లేదా టెర్బియం కలుపుతారు. వీటి పట్టు ఇంకా గట్టిది. అయితే డిస్ప్రోసియం అయస్కాంతత్వం ఇనుముకు వ్యతిరేక దిశలో ఉంటుంది కాబట్టి మొత్తం బలం కొంత తగ్గుతుంది. ఎంత కలపాలి, రేణువు అంచుల్లోనే ఎలా చేరేట్టు చేయాలి అన్నదే ఈ రంగంలో దాచుకునే విద్య. చైనా ఏప్రిల్‌లో కట్టడి చేసిన జాబితాలో ఉన్నవి సరిగ్గా ఈ డిస్ప్రోసియం, టెర్బియంలే. నియోడైమియం అందులో లేదు. అయినా డిస్ప్రోసియం కలిసిన అయస్కాంతం కూడా కట్టడి కిందకే వచ్చింది కనుక మోటార్లు ఆగిపోయాయి.

తయారీ కూడా తేలికైన పని కాదు. మిశ్రమలోహాన్ని మూడు నుంచి ఐదు మైక్రాన్ల పొడిగా మరాడించాలి. ఆ పొడికి గాలి తగిలితే మండుతుంది కనుక పనంతా జడవాయువు మధ్య జరగాలి. బలమైన అయస్కాంత క్షేత్రంలో రేణువులన్నింటినీ ఒకే వైపు తిప్పి అదిమి, శూన్యంలో వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేసి గట్టిపరచాలి. ఏ దశలో ఆక్సిజన్ కాస్త ఎక్కువ చొరబడినా ఆ విడత మొత్తం పనికిరాకుండా పోతుంది.

ఈ విద్య చైనాకు పుట్టుకతో వచ్చింది కాదు. నియోడైమియం అయస్కాంతాల కోసం జనరల్ మోటార్స్ స్థాపించిన మాగ్నెక్వెంచ్ 1995లో చైనా కంపెనీలు ఉన్న కన్సార్టియం చేతికి వెళ్లింది. తర్వాతి ఏళ్లలో అమెరికాలోని దాని తయారీ చైనాకు తరలిపోయింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం ఈ తరహా అయస్కాంతాల ఉత్పత్తిలో ఇప్పుడు 90 శాతానికి పైగా చైనాలోనే జరుగుతోంది. ఒక కార్ల కంపెనీ తన లాభనష్టాల లెక్కలో చిన్న పద్దుగా భావించి వదులుకున్నది, ముప్పై ఏళ్ల తర్వాత ఆ పరిశ్రమ మొత్తాన్ని ఆపగలిగే తాళంగా మారింది.

ఇసుక మన తీరంలో, అయస్కాంతం పరాయి దేశంలో

రేర్ ఎర్త్ అని పేరున్నా ఈ మూలకాలు నిజానికి అంత అరుదైనవి కావు. మన తూర్పు, దక్షిణ తీరాల్లోని నల్లని బరువైన ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం రూపంలో ఉన్నాయి. అణు ఖనిజాల సంచాలనాలయం అంచనాల ప్రకారం దేశంలో సుమారు 1.3 కోట్ల టన్నుల మోనజైట్ ఉంది. రాష్ట్రాలవారీగా చూస్తే ఎక్కువ వాటా ఆంధ్రప్రదేశ్‌దే. మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది. అణు ఇంధనానికి పనికొచ్చే పదార్థం కావడంతో దీని శుద్ధి ప్రభుత్వ రంగంలోని ఐఆర్ఈఎల్‌కే పరిమితమైంది. 1950లో మొదలైన ఈ సంస్థ ఒడిశాలోని ఛత్రపూర్‌లో, కేరళలోని ఆలువాలో రేర్ ఎర్త్‌లను వేరుచేస్తోంది.

అయితే వేరుచేసిన ఆక్సైడ్‌తో మనం ఏం చేశాం? 2012 నాటి భారత్-జపాన్ ఒప్పందం తర్వాత, విశాఖపట్నంలోని ఒక జపాన్ అనుబంధ సంస్థ ద్వారా మన రేర్ ఎర్త్‌లు శుద్ధి అయి జపాన్‌కు వెళ్లాయి. అక్కడ అయస్కాంతాలయ్యాయి. మన దగ్గర వాటిని కొనే అయస్కాంత పరిశ్రమే లేనప్పుడు ఐఆర్ఈఎల్ మాత్రం ఎవరికి అమ్ముతుంది? పత్తి పండించి, దూదిని ఎగుమతి చేసి, చీరను దిగుమతి చేసుకున్న పాత కథ ఇక్కడ మళ్లీ నడిచింది.

2025 నవంబర్ 26న కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ సామర్థ్యాన్ని సాధించడం లక్ష్యం. గరిష్ఠంగా ఐదు సంస్థలను ఎంపిక చేస్తారు. 750 కోట్లు యంత్రాలు, ప్లాంట్ల ఏర్పాటుకు, 6,450 కోట్లు ఐదేళ్ల పాటు అమ్మకాలపై ప్రోత్సాహకంగా ఇస్తారు. ఇది స్వాగతించాల్సిన నిర్ణయమే. కానీ ఒక చిన్న లెక్క వేసి చూడాలి.

ఇలాంటి అయస్కాంతం బరువులో నియోడైమియం, దాని జోడు మూలకం ప్రాసియోడైమియం కలిపి సుమారు 30 శాతం. అంటే 6,000 టన్నుల అయస్కాంతాలకు 1,800 టన్నుల లోహం కావాలి. మరలో, కోతలో పోయే తరుగు దీనికి అదనం. అమెరికా భూగర్భ సర్వే అంచనా ప్రకారం భారత్ ఏటా తీసే రేర్ ఎర్త్ ఆక్సైడ్‌లన్నీ కలిపితే 2,900 టన్నులు. మోనజైట్‌లో ఈ రెండు మూలకాల వాటా దాదాపు ఐదో వంతు. ఆ లెక్కన మన గనుల నుంచి వచ్చే లోహం ఐదారు వందల టన్నులు. మిగిలిన రెండు వంతులకు పైగా సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? గని ఉత్పత్తి పెరగకుండా, ఆక్సైడ్‌ను లోహంగా మార్చే విద్యుద్విశ్లేషణ ప్లాంట్లు లేకుండా అయస్కాంత ఫ్యాక్టరీ ఒక్కటే వస్తే, దిగుమతి చేసుకునే వస్తువు పేరు మారుతుంది. ఆధారపడటం మాత్రం మారదు.

బ్యాటరీ ధర ఎలా తగ్గింది?

అయస్కాంతం లేకపోతే కారు ఆగుతుంది. బ్యాటరీ ధర దిగకపోతే కారు అమ్ముడవదు. విద్యుత్ కార్లపై జీఎస్టీ 5 శాతమే. అయినా 2024లో దేశంలో అమ్ముడైన ప్రతి వంద కార్లలో విద్యుత్‌వి రెండు మూడు మాత్రమే. బ్లూమ్‌బర్గ్‌ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం 2024లో లిథియం-అయాన్ బ్యాటరీ ప్యాక్ సగటు ధర కిలోవాట్-అవర్‌కు 115 డాలర్లు. ఒక మధ్యతరగతి కారుకు 40 కిలోవాట్-అవర్ల ప్యాక్ వేసుకుంటే 4,600 డాలర్లు. మన డబ్బులో దాదాపు నాలుగు లక్షల రూపాయలు. పది లక్షల కారులో ఇది పెద్ద వాటా.

2010లో అదే కిలోవాట్-అవర్ ధర వెయ్యి డాలర్ల పైన ఉండేది. ఇంతగా దిగడానికి ఏ ఒక్క ఆవిష్కరణా కారణం కాదు. 1936లో థియోడోర్ రైట్ అనే అమెరికన్ ఇంజినీరు విమానాల తయారీలో ఒక క్రమాన్ని గమనించాడు. అప్పటిదాకా చేసిన మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఖర్చు దాదాపు ఒకే శాతం మేర తగ్గుతుంది. బ్యాటరీల విషయంలో ఆ తగ్గుదల సుమారు 20 శాతం అని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే ముందుగా, ఎక్కువగా చేసినవాడికి ధర ముందుగా దిగుతుంది. ధర దిగినవాడికి మరింత అమ్మకం, దాంతో మరింత అనుభవం. ఆలస్యంగా వచ్చినవాడు ఈ వాలు మీద పైనుంచి మొదలుపెట్టాలి.

ఎల్ఎఫ్‌పీ కథ దీనికి మంచి ఉదాహరణ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పదార్థాన్ని 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాఢి అనే భారతీయ శాస్త్రవేత్తది. కోబాల్ట్, నికెల్ అక్కర్లేని చౌక పదార్థం ఇది. వేడికి తట్టుకుంటుంది, మన ఎండలకు అనువైనది. మొదట్లో దీనిగుండా ఎలక్ట్రాన్లు సరిగా ప్రవహించేవి కావు. రేణువులను అతి సన్నగా చేసి, వాటికి కార్బన్ పూత పూయడంతో ఆ లోపం తీరింది. 2022 నాటికి కీలక పేటెంట్ల గడువు కూడా ముగిసింది. సూత్రం పుస్తకాల్లో ఉంది, పేటెంటు అడ్డు లేదు. అయినా ఈ పదార్థం తయారీలో దాదాపు మొత్తం చైనాదే. పైగా 2025 జులైలో ఆ తయారీ సాంకేతికతను బయటి దేశాలకు ఇవ్వడంపైనా చైనా కట్టడి పెట్టింది.

సూత్రం తెలిస్తే సరిపోదా? ఆత్రేయపురం పూతరేకులకు కావలసింది బియ్యప్పిండి జావ, బోర్లించిన కుండ, కింద మంట. ఇది అందరికీ తెలుసు. కానీ ఆ జావలో గుడ్డ ముంచి ఒక్క వేటున కుండ మీద లాగితే కాగితంలాంటి రేకు రావాలంటే ఏళ్ల అలవాటు కావాలి. బ్యాటరీ ఎలక్ట్రోడ్ తయారీ కూడా ఇలాంటి పూత పనే. పదిహేను మైక్రాన్ల అల్యూమినియం రేకుపై, మైళ్ల పొడవునా, మైక్రాన్ల తేడా కూడా రాకుండా పదార్థాన్ని పూయాలి. గదిలో తేమ దాదాపు శూన్యంగా ఉండాలి. ఒకచోట పూత మందమైనా, ఒక లోహపు రవ్వ పడినా ఆ సెల్ పనికిరాదు.

ఈ చేతి ఒడుపు డబ్బుతో వెంటనే దొరకదని స్వీడన్‌లోని నార్త్‌వోల్ట్ నిరూపించింది. 2016లో మొదలైన ఆ సంస్థ సుమారు 1,500 కోట్ల డాలర్లు సమీకరించింది. మంచి శాస్త్రవేత్తలు, పెద్ద కార్ల కంపెనీల ఆర్డర్లు దాని దగ్గర ఉన్నాయి. కానీ అనుకున్న నాణ్యతతో అనుకున్నన్ని సెల్స్ చేయలేకపోయింది. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరును రద్దు చేసుకుంది. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ దివాలా తీసింది.

మన అనుభవం కూడా ఇదే చెబుతోంది. 2021 మేలో కేంద్రం అధునాతన బ్యాటరీ సెల్స్ కోసం 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. లక్ష్యం 50 గిగావాట్-అవర్ల సామర్థ్యం. మొదటి నాలుగేళ్లలో ఉత్పత్తిలోకి వచ్చింది అందులో చాలా చిన్న భాగం. యంత్రాలు చైనా నుంచి రావాలి, వాటిని నిలబెట్టే నిపుణులకు వీసాలు దొరకాలి, దేశంలో సెల్స్ చేసిన అనుభవం ఉన్న ఇంజినీర్లు కొద్దిమందే. పథకం బహుమతిని చివర్లో పెట్టింది. అక్కడిదాకా నడవడం ఎలాగో నేర్పే చోటు లేదు.

ప్రయోగశాలకూ ఫ్యాక్టరీకీ మధ్య

ప్రయోగశాలలో పది గ్రాముల పదార్థం చేయడానికి, ఫ్యాక్టరీలో రోజుకు పది టన్నులు చేయడానికి మధ్య పైలట్ ప్లాంట్ అనే దశ ఉంటుంది. అక్కడ కిలోలు, క్వింటాళ్లలో తయారీ జరుగుతుంది. ఎక్కడ వేడి సమంగా అందడం లేదు, ఎందుకు పది విడతల్లో రెండు పాడవుతున్నాయి అన్నవి బయటపడేది అక్కడే. ఈ దశలో పరిశోధన పత్రాలు రావు, లాభాలూ రావు. అందుకే పరిశోధనకు నిధులిచ్చే సంస్థలకు, బ్యాంకులకు దానిపై ఆసక్తి ఉండదు. 

మన దగ్గర ఇది బొత్తిగా లేదని కాదు. దానికి బలమైన ఉదాహరణలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు రూపొందించిన ఎల్ఎఫ్‌పీ తయారీ విధానాన్ని ఆల్ట్‌మిన్ అనే స్థానిక సంస్థ తీసుకుని, అదే ప్రాంగణంలో పైలట్ ప్లాంట్ పెట్టింది. నియోడైమియం అయస్కాంతాలపై కూడా ఏఆర్‌సీఐలో పని జరుగుతోంది. కంచన్‌బాగ్‌లోని ఎన్ఎఫ్‌టీడీసీ రేర్ ఎర్త్ ఆక్సైడ్ నుంచి అయస్కాంతం వరకు సాంకేతికతను అభివృద్ధి చేసి ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. విశాఖలోని బార్క్ ప్రాంగణంలో ఐఆర్ఈఎల్ ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు చేసే ప్లాంట్ 2023 మేలో జాతికి అంకితమైంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 16 గిగావాట్-అవర్ల లక్ష్యంతో సెల్ ఫ్యాక్టరీకి 2023లో పునాది వేసింది. భారీ ఉత్పత్తికి ముందు సెల్స్‌ను పరీక్షించి కొనుగోలుదారుల ఆమోదం పొందే ప్లాంటు కూడా అక్కడి ప్రణాళికలో ఉంది. ఇది సరైన క్రమం.

కానీ ఇవన్నీ వేర్వేరు ద్వీపాలు. 3,000 కిలోలకూ 6,000 టన్నులకూ మధ్య రెండు వేల రెట్ల దూరం ఉంది. ఆ దూరాన్ని ఒక్కో కంపెనీ ఒంటరిగా, తన సొంత నష్టంతో దాటాలంటే చాలామంది మొదలే పెట్టరు. దేశంలో మూడు నాలుగు చోట్ల ఉమ్మడి పైలట్ ప్లాంట్లు కావాలి. అక్కడ ఏ కంపెనీ అయినా అద్దె చెల్లించి తన పదార్థాన్ని టన్నుల స్థాయిలో పరీక్షించుకునే వీలుండాలి. కార్ల కంపెనీలు ఆమోదించే పరీక్షా ధ్రువపత్రం అక్కడే రావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఆపరేటర్లు, ఇంజినీర్లు అక్కడ చేయి తిప్పడం నేర్చుకోవాలి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల కోసం 2025 జులైలో కేంద్రం లక్ష కోట్ల రూపాయల నిధిని ఆమోదించింది. అదే ఏడాది జనవరిలో 16,300 కోట్ల రూపాయలతో కీలక ఖనిజాల మిషన్ మొదలైంది. అయితే లక్ష కోట్ల నిధి ప్రధానంగా తక్కువ వడ్డీ దీర్ఘకాలిక రుణాలు, పెట్టుబడుల రూపంలో వెళ్తుంది. ఉమ్మడి పైలట్ ప్లాంట్ రుణం తీర్చే వ్యాపారం కాదు. రోడ్డులాగా, రేవులాగా అది మౌలిక వసతి. దాన్ని అలాగే చూసి గ్రాంటుగా ఇవ్వాలి.

చైనా నుంచి కొంటే చాలదా?

ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. చైనా చవగ్గా ఇస్తున్నప్పుడు ప్రజాధనం పోసి ఖరీదైన అయస్కాంతాలు, సెల్స్ మనమే చేయడం ఎందుకు? చరిత్ర కూడా ఈ అభ్యంతరానికి కొంత బలమిస్తుంది. 2010లో జపాన్‌తో వివాదం వచ్చినప్పుడు చైనా రేర్ ఎర్త్ సరఫరా బిగించింది. ధరలు ఆకాశానికెక్కాయి. ఆ ఊపులో అమెరికాలో మోలీకార్ప్ సంస్థ పెద్ద పెట్టుబడులు పెట్టింది. తర్వాత చైనా సరుకు మళ్లీ వచ్చింది, ధరలు పడిపోయాయి, 2015లో మోలీకార్ప్ దివాలా తీసింది. మన ఐదేళ్ల ప్రోత్సాహకం ముగిశాక ఇదే జరగదని ఎవరు చెప్పగలరు?

ఈ భయం సరైనదే. అందుకు జవాబు కూడా ఆ చరిత్రలోనే ఉంది. అదే సంక్షోభాన్ని జపాన్ మూడు దారుల్లో ఎదుర్కొంది. 2011లో ఆస్ట్రేలియాలోని లైనస్ గని కంపెనీకి 25 కోట్ల డాలర్ల సాయం అందించి, దీర్ఘకాల సరఫరా హామీ పొందింది. పరిశోధనకు పెట్టుబడి పెట్టింది. 2016లో హోండా, డైడో స్టీల్ కలిసి భారీ రేర్ ఎర్త్‌లు అసలే లేని అయస్కాంతాన్ని హైబ్రిడ్ కారులో వాడాయి. రేణువును సన్నం చేస్తే వేడిలోనూ పట్టు సడలదన్న భౌతికశాస్త్ర సూత్రమే అందులో పనిచేసింది. మూడోది వాడకం తగ్గింపు. చైనాపై ఆధారపడటం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

అన్నీ ఇక్కడే చేయాలని పట్టుబట్టడం కన్నా, ఒక్క దేశం మెడ పట్టుకునే పరిస్థితి రాకుండా చూసుకోవడం తెలివైన లక్ష్యం. బీఎండబ్ల్యూ, రెనో ఇప్పటికే శాశ్వత అయస్కాంతం లేని మోటార్లతో కార్లు అమ్ముతున్నాయి. వాటి రోటారులో అయస్కాంతం బదులు రాగి తీగచుట్టకు కరెంటు పంపుతారు. బరువు కాస్త పెరుగుతుంది, కానీ డిస్ప్రోసియంతో పని ఉండదు. బ్యాటరీల్లో లిథియం స్థానంలో ఉప్పు నుంచి వచ్చే సోడియం వాడే పరిశోధనలు మన ప్రయోగశాలల్లోనూ సాగుతున్నాయి. అలాంటి ప్రత్యామ్నాయం ఒక్కటి చేతిలో ఉన్నా బేరమాడే శక్తి పెరుగుతుంది.

ధర కూలిపోయే ప్రమాదానికి కొనుగోలు హామీ ఒక విరుగుడు. 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ తమ దేశపు ఎంపీ మెటీరియల్స్‌కు నియోడైమియం-ప్రాసియోడైమియంపై కిలోకు 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. రైతుకు మద్దతు ధర అనే మాట మనకు కొత్త కాదు. ఐదేళ్ల ప్రోత్సాహకం తర్వాత కూడా కొంతకాలం ఇలాంటి కనీస ధర ఉంటేనే ఆ ఫ్యాక్టరీలు నిలబడతాయి.

పిస్టన్లు చేసే చేతుల సంగతి

ఈ మార్పులో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది పెద్ద కార్ల కంపెనీలు కావు. ఇంజిను పోతే దానితోపాటు పిస్టన్లు, రింగులు, వాల్వులు, క్రాంక్‌షాఫ్ట్‌లు, గ్యాస్కెట్లు, ఇంధన పంపులు, సైలెన్సర్లు, క్లచ్‌లు పోతాయి. వీటిని చేసేది కోయంబత్తూరు, రాజ్‌కోట్, లూధియానా, పుణె చుట్టుపక్కల, హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల ఉన్న వేలాది చిన్న యూనిట్లు. ఆ తర్వాతి వరుసలో విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్‌లు ఉన్నారు.

పెనుకొండలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. 2025లో అక్కడి నుంచే విద్యుత్ కారు కూడా వచ్చింది. భారత్‌లోనే సెల్స్ చేయించుకోవడానికి హ్యుందాయ్-కియా 2024 ఏప్రిల్‌లో ఎక్సైడ్ ఎనర్జీతో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. పెద్ద కంపెనీకి ఇలాంటి దారులు దొరుకుతాయి. ఇరవై మందితో వాల్వులు చేసే యూనిట్ యజమానికి కొత్త యంత్రానికి అప్పు, ఏ భాగం చేయాలో చెప్పే కొనుగోలుదారు, ఆ భాగాన్ని పరీక్షించే ప్రయోగశాల కావాలి. ఈ మూడూ ఆయనకు ఒక్కచోట దొరకవు.

కలిసొచ్చే విషయం ఒకటుంది. అమ్ముడయ్యే కార్లలో అత్యధిక భాగం ఇంకా పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీవే కాబట్టి మార్పు రేపే మీద పడదు. ఈ యూనిట్లకు పదేళ్ల వరకు ఇంజిన్ల ఆదాయం ఉంటుంది. మోటారు గొట్టాలు, రోటారు షాఫ్ట్‌లు, బ్యాటరీ చల్లబరిచే పలకలు, కరెంటును నియంత్రించే పెట్టెలకు అల్యూమినియం పోతలు ఇవన్నీ లోహపు పని తెలిసిన చేతులు నేర్చుకోగలిగినవే. పైన చెప్పిన ఉమ్మడి పైలట్ ప్లాంట్లు చిన్న యూనిట్లకూ తలుపు తెరిస్తే, అవి కేవలం శాస్త్రవేత్తల కేంద్రాలుగా మిగిలిపోవు.

ఏ లెక్కతో కొలవాలి?

ఏ ప్రభుత్వమైనా కార్ల రంగంలో విజయాన్ని ఏటా ఎన్ని కార్లు అమ్ముడయ్యాయి, ఎన్ని కోట్ల పెట్టుబడి ఒప్పందాలు కుదిరాయి అని చెప్పుకుంటుంది. ఆ లెక్కల పక్కన మరో మూడు లెక్కలు ఏటా ప్రచురించాలి. మన ఖనిజం నుంచి మన దేశంలోనే ఎన్ని టన్నుల నియోడైమియం లోహం తయారైంది? దేశంలో చేసిన సెల్స్‌లో ఎన్ని శాతం నాణ్యత పరీక్ష దాటాయి? ఇంజిన్ భాగాల నుంచి విద్యుత్ వాహన భాగాలకు మారిన చిన్న యూనిట్లు ఎన్ని?

అయస్కాంతాల పథకంలో ఎంపికయ్యే సంస్థలకు ఆక్సైడ్, లోహం, మిశ్రమలోహం దశలపైనా గడువులతో కూడిన షరతులు పెట్టాలి. పాత మోటార్లు, పాత బ్యాటరీల నుంచి లోహాలు తిరిగి తీసే పనిని ఇప్పుడే మొదలుపెట్టాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారులపై ఇప్పటికే ఉంచాయి. లక్ష కోట్ల నిధిలో కొంత భాగాన్ని ఉమ్మడి పైలట్ ప్లాంట్లకు గ్రాంటుగా కేటాయించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఏప్రిల్ ఉత్తర్వు తర్వాత కొన్ని లైసెన్సులు వచ్చాయి, ఫ్యాక్టరీలు మళ్లీ నడిచాయి. సరుకు రావడం మొదలైతే సంక్షోభం మరుపున పడటం సహజం. 2010 తర్వాత జపాన్ మరచిపోలేదు, అమెరికా మరచిపోయింది. 2025లో ఆ రెండు దేశాలూ ఉన్న తీరే ఆ తేడాకు సాక్ష్యం. భారత్ ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకుందో 2030 నాటికి తేలిపోతుంది. అప్పటికి దేశంలో తిరిగే విద్యుత్ కార్లు ఎన్నో లెక్కించడంతో ఆగకుండా, వాటిలో ఎన్నింటి మోటారులో మన తీరపు ఇసుక నుంచి వచ్చిన అయస్కాంతం ఉందో కూడా లెక్కించాలి.